పొగమంచు అడవి ఫోటో: ఎక్కడ కత్తిరించాలి, మంచును ఎంతవరకు ఉంచాలి?

కొండదారి, తిరుపతి:

అందరికీ నమస్కారం. ఒక ఫోటో మీద మీ సలహా కావాలి.

కార్తీక మాసంలో ఇంటిల్లిపాదీ హార్సిలీ హిల్స్ పోయినాము. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది అన్నమయ్య జిల్లాలోకి పోయింది గానీ, మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని చిత్తూరు కొండ అనే అంటారు. రాత్రంతా తుంపర. పొద్దున ఆరున్నరకు గది తలుపు తీస్తే నీలగిరి తోపులోకి మోడం దిగిపోయి ఉంది. కాసింత దూరంలో నిలబడిన మా నాన్న తలపాగా తప్ప ఇంకేమీ కనపడలేదు. కెమెరా తీసుకుని ఆ తోపులో కాలిదారి వెంబడి నడిచినాను. తీసినవాటిలో ఇదొక్కటే మనసులో నిలిచిపోయింది.

ఫోన్‌లో చూసేవాళ్ళకు సరిగ్గా తెలియకపోవచ్చు, అందుకని మాటల్లో కూడా చెప్తాను. ఎడమ అంచున దగ్గరగా లావాటి నీలగిరి మాను. సగం ఫ్రేములో ఉంది, సగం బయటికి పోయింది. దాని బెరడు పొరలు పొరలుగా ఊడి కిందికి వేలాడుతోంది. ఆ మాను పక్కనుంచే ఎర్రమట్టి దారి మొదలై కుడివైపు మెలిక తిరిగి మంచులో కలిసిపోతుంది. దారి మెలిక తిరిగేచోట ఒకదాని మీదికొకటి వాలిన రెండు చెట్లు. అవి ఫ్రేముకు నట్టనడుమ కాకుండా కొంచెం ఎడమకే ఉన్నాయి. కుడి సగమంతా సన్నసన్న మానులు, కింద మూలలో పసుపు, నలుపు రంగు పూసిన రోడ్డు రాయి. పైన ఆకుల మధ్య ఒకచోట సందు పడి ఆకాశం తెల్లగా కనిపిస్తుంది.

కెమెరా 24 మెగాపిక్సెల్, అంటే ఫైలు 6000 × 4000. లెన్సు 18–55, దాన్ని 35 దగ్గర పెట్టి ఎఫ్ 8లో తీసినాను. ఐఎస్‌ఓ 400. రా (కెమెరా దిద్దకుండా దాచిన ముడి ఫైలు), జేపెగ్ రెండూ ఉన్నాయి. ఫోటోలు దిద్దడానికి ఇంట్లో లైట్‌రూమ్ ఉంది, ఫోన్‌లో స్నాప్‌సీడ్ ఉంది.

నాకు తేలనివి మూడు. ఒకటి, అడ్డంగానే ఉంచాలా, నిలువుగా కత్తిరించాలా? రెండు, ఆటో బటన్ నొక్కితే చెట్లన్నీ స్పష్టంగా వస్తున్నాయి, కానీ ఆ పొద్దుటి చలి పోతోంది. మంచు పొరను పలచన చేసే డీహేజ్ స్లైడర్ వాడొచ్చా? మూడు, శరదృతువు అడవి ఫోటోలని నెట్‌లో చూసేవన్నీ నారింజ, బంగారు రంగుల్లో ఉంటాయి. నాది బూడిదాకుపచ్చ. రంగు మార్చాలా? ప్రింటు వేయించి నాన్న గదిలో పెట్టాలని ఉంది. 12 × 18 అంగుళాల ఫ్రేము ఒకటి ఇంట్లో ఖాళీగా ఉంది.

ఆల్బమ్ డిజైనర్, తిరుపతి:

అక్కా, ఫోటో చాలా బాగుంది. ఆ బెరడు చూస్తుంటే చేత్తో ముట్టుకోవాలని ఉంది.

నేను రోజూ పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తాను కాబట్టి నాకు తోచింది చెప్తున్నా. 16:9కు కత్తిరించండి, సినిమా ఫ్రేములా వెడల్పుగా బాగుంటుంది. డీహేజ్ 40, క్లారిటీ 30 పెడితే వెనక చెట్లు బయటికొస్తాయి. రంగులకైతే, ఒక్కో రంగును విడిగా మార్చే హెచ్‌ఎస్‌ఎల్‌లో గ్రీన్ హ్యూను (రంగు ఛాయను) పూర్తిగా పసుపువైపు, ఎల్లో హ్యూను నారింజవైపు జరపండి. ఆటమ్ ప్రీసెట్లు (ముందే సిద్ధం చేసిన సెట్టింగులు) చేసేది కూడా అదే పని. అవుట్‌డోర్ షూట్లకు కస్టమర్లు ఇష్టపడి అడిగే లుక్ అది. స్నాప్‌సీడ్‌లో అయితే డ్రామా ఫిల్టర్ 30 దగ్గర ఆపి చూడండి.

పాత స్టూడియో, చిత్తూరు:

అమ్మా, నీ ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేసుకుని చాలాసేపు చూసినాను. డార్క్‌రూమ్‌లో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేసిన కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఈ ఫోటోలో అసలు విషయం మంచు. ఆ మంచు ఎంత మందంగా పట్టిందో చెప్పేవి చెట్లు. ఎడమ మాను దాదాపు నలుపు. దాని వెనకది ముదురు బూడిద. వాలిన జంట చెట్లు నడిమి బూడిద. వాటి వెనక ఇంకా రెండు వరుసలు, ఒకదానికంటే ఒకటి పలచగా ఉన్నాయి. ఇక చిట్టచివర, దారి కలిసిపోయే చోటికి పైన, చెట్టో నీడో తెలియనంత లేతగా ఇంకొక మాను ఉంది. స్క్రీన్ వెలుతురు పెంచి వెతుకు, కనిపిస్తుంది. మొత్తం ఆరు మెట్లు. ఆ ఆరో మెట్టు ఉన్నందువల్లనే నీ ఫోటోలో అంత లోతు వచ్చింది. కత్తిరించినా, వెలుగు దిద్దినా, రంగు ముట్టుకున్నా ఆ ఆరో చెట్టు చెరిగిపోకూడదు, దగ్గరికి వచ్చేయకూడదు. నేను చెప్పేదంతా దానికోసమే.

ముందు కత్తిరింపు. 16:9 అంటే 6000 × 3375. ఎత్తులో 625 పిక్సెల్స్ పోతాయి. నీలగిరి చెట్టుకు అందమంతా ఎత్తులోనే కదా. పైన కోస్తే కొమ్మల పందిరి పోతుంది, కింద కోస్తే దారి మొదలయ్యే చోటు పోతుంది. పైగా ఆ కుడి సగం మొత్తం అట్లాగే మిగిలిపోతుంది, రోడ్డు రాయితో సహా. కుడి సగంలో మానులన్నీ ఒకే బూడిద రంగు, ఒకే లావు. అక్కడ కన్ను నిలవడానికి ఏమీ లేదు.

చదరంగా 4000 × 4000 కూడా వేసి చూసినాను. రాయి పోతుంది, సరే. కానీ జంట చెట్లు నట్టనడుమకు వచ్చి నిలబడతాయి, దారి వాటి దగ్గరే ఆగిపోయినట్టుంది.

నిలువుగా 4:5 తీసుకో. ఎడమ అంచును ఇప్పుడున్న చోటే ఉంచి, కుడివైపు నుంచి మాత్రమే కోసుకుంటూ రా. పూర్తి ఎత్తు ఉంచితే 3200 × 4000 వస్తుంది. రాయి పోయింది, ఖాళీ సగం పోయింది. జంట చెట్లు ఫ్రేములో మూడింట రెండు వంతుల దూరం దగ్గర నిలుస్తాయి. దారి ఎడమ కింద మొదలై, వాటిదాకా ఎక్కి, ఆరో చెట్టువైపు పోతుంది.

ఎడమ మాను సగం తెగింది కాబట్టి దాన్ని పూర్తిగా తీసేయమని ఎవరైనా చెప్పొచ్చు. తీసేయొద్దమ్మా. అది పోతే మొదటి మెట్టు పోతుంది. ఫోటోలో ఎక్కడా నలుపు లేకపోతే మంచు తెల్లగా కనిపించదు, అంతా మురికి బూడిదగా ఉంటుంది. వెలుగు తెలియాలంటే పక్కన చీకటి ఉండాలి. ఆ మాను సరిగ్గా ఊడుతున్న బెరడు పొరలు కనిపించే వైపే ఫ్రేములో ఉండటం నీ అదృష్టం. మూడు పొరలు కిందికి వేలాడుతున్నాయి, మధ్యదాని కొసకు ఒక నీటి బొట్టు పట్టుకుని ఉంది. ఆ బొట్టు ప్రింటులో కనిపించాలి.

మిగిలింది పైన తెల్ల సందు. కన్ను ముందుగా పోయేది ఫోటోలో అన్నిటికంటే వెలుగున్న చోటికి. ఇప్పుడు ఆ చోటు సందే, దానివల్ల చూసేవాళ్ళు దారి వదిలేసి పైకి పోతారు. పై నుంచి 350 పిక్సెల్స్ కోసేయి. 4:5 నిష్పత్తి అట్లాగే ఉంచితే 2920 × 3650 మిగులుతుంది. సందులో చాలాభాగం పోతుంది, మిగిలిన కాస్తను బ్రష్‌తో కొంచెం చీకటి చేస్తే ఆకుల్లో కలిసిపోతుంది.

కత్తిరించినాక ఒకసారి ఫోటోను తలకిందులు చేసి చూడు. చెట్టూ దారీ అనే ధ్యాస పోయి, నలుపు ఎక్కడుంది, తెలుపు ఎక్కడుంది, అంచుల్లో ఏం పొడుచుకొస్తోంది అనేదే కనిపిస్తుంది. మేము ఎన్‌లార్జర్ (నెగటివ్ బొమ్మను పేపరు మీద పెద్దదిగా పడేసే యంత్రం) కింద ఆ బొమ్మను ఎప్పుడూ అట్లాగే చూసేవాళ్ళం. అంచుల చుట్టూ వేలు పెట్టి ఒక చుట్టు చుట్టి రా. సగం ఆకు, సగం కొమ్మ ఏదైనా లోపలికి తొంగిచూస్తుంటే అక్కడే తెలుస్తుంది. ఫోటో వంకరగా ఉందా అని చూసుకోవడానికి మంచులో దిగంతం ఉండదు. వాలిన చెట్లను నిటారు చేయాలని ఫోటో తిప్పొద్దు. నడుమ నాలుగో వరుసలో ఒక మాను తిన్నగా ఉంది, దాన్ని గీతలాగా పెట్టుకో.

ఇక వెలుగు. రా ఫైలు మీదే పని చెయ్యి. మంచులో కెమెరా మీటరుకు ఎదురుగా ఉన్నదంతా లేత తెలుపు. మీటరు దాన్ని నడిమి బూడిదకు దించాలని చూస్తుంది, అందుకే మంచు ఫోటోలు అసలు కంటే చీకటిగా పడతాయి. నీది కూడా అంతే. ఎక్స్‌పోజర్ అర స్టాప్ పెంచు (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు). ఇంకోసారి పోయినప్పుడు కెమెరాలోనే కాంపెన్సేషన్ +2/3 నుంచి +1 మధ్య పెట్టుకుని తీయి.

హిస్టోగ్రామ్ చూడు, నలుపు నుంచి తెలుపుదాకా ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫ్ అది. అంతా నడుమ ఒక కుప్పగా ఉంది, అటు నలుపు గోడకు గానీ ఇటు తెలుపు గోడకు గానీ తగలడం లేదు. మంచు ఫోటోకు అదే సహజం. ఆటో బటన్‌కు ఆ సంగతి తెలియదు. కుప్పను రెండు వైపులా లాగి గోడలకు ఆనిస్తుంది. అప్పుడు లేత మెట్లన్నీ ముదిరిపోతాయి, ఆరోది వచ్చి నాలుగో దాని పక్కన నిలబడుతుంది. నువ్వు చలి పోయిందన్నావే, అక్కడే పోయింది. డీహేజ్ కూడా అదే పని ఇంకా గట్టిగా చేస్తుంది. దూరంగా మురికిగాలి పట్టి పలచబడిన కొండ ఫోటోకు అది మంచి మందు. మంచు కోసమే తీసిన ఫోటోకు మొత్తం మీద డీహేజ్ సున్నా. తమ్ముడు చెప్పిన 40 పెళ్ళి ఫోటోలో వెనక గుడి గోపురం తేల్చడానికి పనికొస్తుంది, కాదనను. ఇక్కడ మాత్రం వద్దు.

దానికి బదులు చెట్టు చెట్టుకు వేరుగా చేద్దాం. బ్లాక్స్ కొంచెం దించు, ఎడమ మాను నీడలో ఒక్కచోట మాత్రం నలుపు తగిలేదాకా, అక్కడ ఆపు. దిద్దేది ఆ మాను మీదే పడేట్టు మాస్క్ గీసి కాంట్రాస్ట్ 10, టెక్స్‌చర్ 15 పెట్టు. బెరడు లేస్తుంది, బొట్టు మెరుస్తుంది. తర్వాత పైనుంచి కిందికి, దారి మెలికదాకా ఒక లీనియర్ గ్రేడియెంట్ (పోనుపోను పలచబడే మాస్క్) వేసి డీహేజ్‌ను సున్నా కంటే కిందికి, మైనస్ 8 దాకా దించు. ముందు మాను మీద ఆ మాస్క్ పడకుండా తీసేయి. వెనకాల మంచు పిసరంత చిక్కబడుతుంది. దగ్గర గట్టిగా, దూరం మెత్తగా ఉండాలి.

డార్క్‌రూమ్‌లో ఇదే పనికి సన్నటి తీగ కొసకు చిన్న అట్టముక్క అంటించుకునేవాళ్ళం. ఎన్‌లార్జర్ వెలుగులో దాన్ని ఊపుతూ ఉంటే ఆ నీడ పడినచోట పేపరు లేతగా మిగిలేది. ఊపడం ఆపితే అట్టముక్క ఆకారం అచ్చుపడేది. మంచు నెగటివ్ చప్పగా ఉంది కదా అని మూడో గ్రేడ్ పేపరు (గ్రేడ్ పెరిగేకొద్దీ కాంట్రాస్ట్ పెరుగుతుంది) మీద వేస్తే ముందు చెట్లు బ్రహ్మాండంగా వచ్చేవి, వెనక చెట్లు తెలుపులో కొట్టుకుపోయేవి. రెండో గ్రేడ్ మీద వేసి, ముందు మానుకు ఒక్కదానికే వెలుగు ఎక్కువ ఇచ్చి ముదురు చేస్తే అన్నీ నిలిచేవి. స్లైడర్లు వచ్చినాక కూడా పద్ధతి మారలేదు.

షార్ప్‌నెస్ మంచు మీద పడనీయొద్దు. లైట్‌రూమ్‌లో షార్పెనింగ్ కింద మాస్కింగ్ స్లైడర్ ఉంది. ఆల్ట్ పట్టుకుని జరుపు. స్క్రీన్ నలుపు తెలుపుల్లోకి మారుతుంది, తెల్లగా ఉన్నచోట మాత్రమే షార్ప్ అవుతుంది. బెరడు, ఆకుల అంచులు మాత్రం తెల్లగా మిగిలేదాకా జరిపి వదిలేయి.

వైట్ బ్యాలెన్స్, అంటే ఫోటో మొత్తం రంగు చల్లగా ఉండాలా వెచ్చగా ఉండాలా అనేదాని గురించి ఒక్క మాట. మంచు బొట్లు వెలుతురు అలల కంటే చాలా పెద్దవి. అందుకే అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి, మంచు తెల్లగా ఉండేది దానివల్లే. దూరపు కొండ నీలంగా కనిపించడానికి కారణం గాలి. గాలి అణువులు నీలాన్ని ఎక్కువ చెదరగొడతాయి. కాబట్టి మంచుకు తనదంటూ రంగు లేదు, పైనుంచి ఏ వెలుతురు పడితే ఆ రంగు. పొద్దెక్కక ముందు మోడంలో తీసినావు కాబట్టి కొంచెం చల్లటి రంగే నిజం. కెల్విన్ 5200 నుంచి 5600 మధ్య పెట్టి, బెరడు లోపలి తెలుపు మరీ నీలం కాకుండా చూసుకో. నారింజ సంగతి అడవి తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తే బాగుంటుంది. నాకైతే ఆ కొండ మీద ఆ కాలంలో నారింజ ఎప్పుడూ కనపడలేదు.

అడవిచెట్టు, భాకరాపేట:

స్టూడియో అన్న అడిగింది నేను చెప్తా. తలకోన, శేషాచలం అడవుల్లో చెట్లు చూస్తూ తిరగడమే నా పని.

నారింజ అడవి ఫోటోలు ఎక్కువగా చలిదేశాలవి. అక్కడ మేపుల్, బీచ్, బర్చ్ చెట్లకు అక్టోబరు, నవంబరుల్లో పగలు కురచ అవుతూ, చలి ముదురుతూ ఉంటే ఆకులో పచ్చదనం విరిగిపోతుంది. అప్పటిదాకా దానికింద దాగిన పసుపు బయటపడుతుంది. కొన్ని చెట్లలో ఎరుపు కొత్తగా తయారవుతుంది. ఆ తర్వాత ఆకు రాలుతుంది.

మన అడవికి ఆ లెక్క వర్తించదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే చాలు, మూడు రోజులు ముసురు. కార్తీకంలో అడవి తడిసి పచ్చగా ఉంటుంది. టేకు, ఎర్రచందనం, మద్ది ఆకు రాల్చేది నీళ్ళు తగ్గి ఎండ ముదిరేటప్పుడు. శివరాత్రికి తలకోన దారిలో పోయి చూడండి, ఆకులేని కొమ్మలు, వాటి మధ్య మోదుగ పూల ఎరుపు. మన ఆకురాలు కాలం ఫోటో తీయాలంటే అప్పుడు తీయాలి. కానీ అప్పుడు ఈ మంచు ఉండదు.

ఇక నీలగిరి ఏడాది పొడుగునా ఆకుండే చెట్టు. పైగా బయటినుంచి తెచ్చి నాటింది, ఆస్ట్రేలియా దాని సొంతూరు. ముదురాకు కొడవలిలాగా వంగి, అంచు కిందికి పెట్టి వేలాడుతుంది. ఆకుపచ్చలో బూడిద, నీలం కలిసి ఉంటాయి. ప్రీసెట్‌తో దాన్ని నారింజ చేస్తే ఆ తోపు తెలిసినవాళ్ళకు చెట్లన్నీ తెగులు పట్టి ఎండిపోయినట్టు కనిపిస్తాయి. మీ నాన్నగారు ఆ తోపులో నడిచిన మనిషి కదా, ఆయన కంటికి వెంటనే తగులుతుంది.

రంగు కావాలంటే మీ ఫోటోలోనే ఉంది, చూసుకోండి. తడిసిన ఎర్రమట్టి దారి. దాని మీద రాలిన పాత నీలగిరి ఆకులు, గోధుమ రంగువి, కొన్ని ఎర్రగా మాడినవి. బెరడు ఊడినచోట లోపలి చర్మం లేత గులాబీ, క్రీమ్ రంగు. ఆకుపచ్చను ముట్టుకోకుండా రెడ్, ఆరెంజ్ చానెళ్ళలో సాచ్యురేషన్ (రంగు చిక్కదనం) కొద్దిగా పెంచితే మట్టి, బెరడు, రాలిన ఆకులు మాత్రమే లేస్తాయి.

ఇంకొకటి. ఆ కొండ 4,000 అడుగులు దాటిన ఎత్తు. మీరు తీసింది నేలమీద పట్టే మంచు కాదు, కొండను ఒరుసుకుంటూ పోయే మబ్బే. అందుకే అది ఎండ పొడవగానే మాయం కాదు. వచ్చి పోతూ ఉంటుంది, ఒక్కో నిమిషం ఒక్కోరకంగా. ఈసారి పోతే ఒకేచోట ముక్కాలి స్టాండు వేసి చాలాసేపు నిలబడండి. తడి ఆకుల మెరుపు తగ్గించడానికి పోలరైజర్ పెట్టుకుంటే ఆకుపచ్చ ఇంకా లోతుగా వస్తుంది. వెలుతురు ఒకటి, రెండు స్టాపులు తగ్గుతుంది కాబట్టి స్టాండు ఎలాగూ కావాలి.

కొండదారి, తిరుపతి:

అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని చేసినాను. 4:5లో 2920 × 3650కి కోసి పెడితే అమ్మ చూసి, “ఇదేంది, దారిలోకి దిగి నడవొచ్చే” అనింది. ఆరో చెట్టును వెతికి పట్టుకున్నాను. అది ఇంతకుముందు నా కంట పడలేదు. ఎర్రమట్టికి ఆరెంజ్ సాచ్యురేషన్ 12 పెంచితే సరిపోయింది. ఆకుపచ్చను అసలు ముట్టుకోలేదు.

ఇంకా రెండు అడుగుతాను. రా ఫైలు లైట్‌రూమ్‌లో చేసింది ఒకటి, చూద్దామని జేపెగ్‌ను ఫోన్‌లో చేసింది ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టినాను. ఫోన్‌లో చేసినదాంట్లో మంచు ఉన్నచోట, జంట చెట్లకు పైన, మెట్లు మెట్లుగా చారలు వచ్చినాయి. రా నుంచి చేసినదాంట్లో లేవు. ఎందుకని? రెండోది, 4:5కు కోసినాను కదా, ఇంట్లో ఉన్న ఫ్రేము 12 × 18. ఏం చేయాలి? పేపరు గ్లాసీనా, మ్యాట్‌నా?

పాత స్టూడియో, చిత్తూరు:

జేపెగ్ 8 బిట్. ఒక్కో రంగుకు 256 మెట్లే. నీ మంచు మొత్తం ఆ 256లో ఒక చిన్న ముక్కలో సర్దుకుని ఉంది. దాన్ని సాగదీస్తే మెట్టుకూ మెట్టుకూ మధ్య ఖాళీ పడి చారలవుతాయి. రా ఫైలు 12 బిట్ అయితే 4,096 మెట్లు, 14 బిట్ అయితే 16,384. ఎంత సాగినా ఖాళీ కనిపించదు. ప్రింటుకు పంపే ముందు ఫోటోషాప్‌లోనో గింప్‌లోనో ఇంకా ఏమైనా దిద్దాలనుకుంటే 16 బిట్ టిఫ్‌గా ఎగుమతి చేసి అందులో దిద్దు. పనంతా అయినాక చివర్లో మాత్రమే ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ చెయ్యి, క్వాలిటీ తగ్గించకుండా. లైట్‌రూమ్‌లోనే గ్రెయిన్ 8 లేక 10 వేసుకో. ఆ సన్నటి గరుకు చారలను మింగేస్తుంది. ఫిలిం రోజుల్లో ఈ చారల బాధ లేకపోవడానికి గ్రెయిన్ కూడా ఒక కారణం.

ఫ్రేముకు బెంగ పడొద్దు. 12 × 15 కూడా 4:5 నిష్పత్తే. మన ల్యాబుల్లో ఆ సైజు మామూలుగా వేస్తారు. నీ 2920 × 3650ని 12 × 15లో వేస్తే అంగుళానికి 243 పిక్సెల్స్ వస్తాయి. 300 ఉండాలంటారు, అది చేతిలో పట్టుకుని చూసే ఫోటోకు. గోడమీద రెండు మూడు అడుగుల దూరం నుంచి చూసే మంచు ఫోటోకు 243 పుష్కలం. 12 × 18 ఫ్రేమునే వాడాలంటే పైన ఒక అంగుళం, కింద రెండు అంగుళాలు తెల్లగా వదిలి 12 × 18 షీటు మీదే వేయించు. కింద ఎక్కువ, పైన తక్కువ. సమానంగా వదిలితే ఫోటో కిందికి జారినట్టు కనిపిస్తుంది.

పేపరు మ్యాట్. మీ నాన్న గదిలో కిటికీ ఎటువైపు ఉందో నాకు తెలియదు గానీ, గ్లాసీ మీద ఏ కిటికీ వెలుగైనా సరిగ్గా నీ లేత మెట్ల మీదే పడుతుంది. మ్యాట్ మీద నలుపు కొంచెం తేలిపోతుంది, ఎడమ మాను గ్లాసీలో ఉన్నంత గట్టిగా రాదు. ఈ ఫోటోకు ఆ నష్టం భరించొచ్చు. ఆరో చెట్టు మిగలడం ముఖ్యం.

ప్రింటు ఎప్పుడూ స్క్రీన్ కంటే చీకటిగా వస్తుంది, స్క్రీన్ లోపలినుంచి వెలుగుతుంది కాబట్టి. స్క్రీన్ వెలుతురు సగానికి దించి చూడు. అప్పుడు చీకటిగా అనిపిస్తే ప్రింటు కోసం ఒక కాపీ తీసుకుని ఎక్స్‌పోజర్ పావు స్టాప్ పెంచు.

ఆల్బమ్ డిజైనర్, తిరుపతి:

అక్కా, నా దగ్గరున్న ఒక మంచు ఫోటోను అన్న చెప్పిన పద్ధతిలో చేసి చూసినా. గ్రేడియెంట్‌లో మైనస్ డీహేజ్ నేనెప్పుడూ వాడలేదు. కపుల్ షూట్లలో వెనక చెట్లను మెత్తగా చేయడానికి ఇకనుంచి ఇదే వాడతా.

ల్యాబు గురించి ఒకటి చెప్పాలి, రోజూ ఫైళ్ళు పంపేవాణ్ణి కాబట్టి. ప్రింటుకు ఇచ్చేటప్పుడు “కలర్ కరెక్షన్ వద్దు” అని చెప్పండి. చెప్పడమే కాదు, ఫైలు పేరులో కూడా “నో కరెక్షన్” అని రాయండి. లేదంటే మెషిన్ దగ్గర కూర్చున్నవాళ్ళు ఫోటో చప్పగా ఉందనుకుని మంచి మనసుతోనే కాంట్రాస్ట్ పెంచేస్తారు, లేదా మెషిన్ తనే పెంచుతుంది. మీరు రాత్రంతా కూర్చుని నిలబెట్టిన లేత చెట్లు ఒక్క బటన్‌తో పోతాయి. ల్యాబు వాళ్ళకు ముదురు, లేత రెండు వెర్షన్లు ఇచ్చి ముందు 4 × 6లో ఒక్కోటి వేయించండి. ఖర్చు పెద్దగా కాదు. రెండూ ఇంటికి తెచ్చి, నాన్నగారి గదిలో పెట్టబోయే గోడకే ఆనించి, పగలు ఒకసారి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూడండి. ఆరో చెట్టు ఏదాంట్లో కనిపిస్తే ఆ ఫైలునే 12 × 15కు ఇవ్వండి.